ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) హైదరాబాదు సంస్థానంలో పనిచేసిన బ్రిటిషు శస్త్రవైద్యుడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పోషణలో 1888, 1889 సంవత్సరాలలో జరిగిన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లకు ఈయనే మూలపురుషుడు. మత్తు ఇచ్చే వైద్యుడు రోగి నాడిని గాక శ్వాసను గమనించాలని ఈయన జీవితాంతం వాదించాడు. ఆ వాదంలో కొంత నిలిచింది. ముఖ్యమైన భాగం నిలవలేదు.

నేపథ్యం

1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రసవాలలోనూ, శస్త్రచికిత్సలలోనూ ప్రవేశపెట్టాడు. మరుసటి సంవత్సరం జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలిగోరు తీయించుకుంటూ ఈ మత్తులో మరణించింది. అటువంటి మరణాలకు గుండె ఆగడం కారణమని లండను వైద్యులు, శ్వాస ఆగడం కారణమని ఎడింబరో వైద్యులు భావించేవారు. లారీ ఎడింబరోలో చదివి, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ పద్ధతులను నేర్చుకున్నవాడు. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, ఇక్కడి వైద్య పాఠశాలకు కూడా అధిపతి అయ్యాడు. ఈ పాఠశాలే తరువాత ఉస్మానియా వైద్య కళాశాలగా పరిణమించింది.

క్లోరోఫాం కమిషన్లు

1888 నాటి మొదటి కమిషన్ కుక్కలపై ప్రయోగాలు జరిపి, శ్వాస ఆగిన తరువాతే గుండె ఆగుతుందని తేల్చింది. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు నిజాము 1000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రికనే తన ప్రతినిధిని పంపమని కోరాడు. ఆ విధంగా 1889లో ప్రసిద్ధ ఔషధ శాస్త్రవేత్త లాడర్ బ్రంటన్ హైదరాబాదు చేరుకున్నాడు. నాలుగు వందలకు పైగా జంతువులపై రక్తపీడనాన్ని, శ్వాసను నమోదు చేస్తూ ప్రయోగాలు సాగాయి. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని అంతవరకు భావించిన బ్రంటన్ సైతం లారీ పక్షానికి వచ్చాడు.

కమిషన్ చేసిన సూచనలలో కంఠానికి సంబంధించినది విలువైనది. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. మెడకు, ఛాతీకి బట్టల బిగింపు ఉండరాదు. శ్వాస అడ్డగిస్తే, కింది పళ్ళు పై పళ్ళ కంటే ముందుకు వచ్చేలా కింది దవడను ముందుకు నెట్టాలి. అలా చేస్తే ఉపజిహ్విక లేచి స్వరపేటికకు గాలిదారి తెరచుకుంటుంది. మత్తు వైద్యులు నేటికీ దవడను ఇలాగే ముందుకు నెడతారు.

అయితే గుండెకు ప్రమాదమే లేదన్న మాట పొరపాటు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, మత్తు తక్కువగా ఉన్నప్పుడే క్లోరోఫాం గుండె జఠరికలను కంపింపజేసి హఠాత్తుగా చంపగలదని చూపాడు. ఎక్కువ మోతాదులో, నెమ్మదిగా చనిపోయే జంతువులలో ఇది కనబడదు. కమిషన్ ఎన్ని ప్రాణులను బలిచేసినా ఈ సంగతిని పట్టుకోలేకపోవడానికి అదొక కారణం.

ఇతర విషయాలు

లారీ స్త్రీల వైద్యవిద్యను ప్రోత్సహించాడు. ఆయన వద్ద చదివి 1889లో ఉత్తీర్ణురాలైన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరుపొందింది. ఆమె 1909లో ఎడింబరో వెళ్ళి పై చదువులు చదివింది.

పట్టుదల మాత్రం ఆయనను మరొకసారి దారి తప్పించింది. లావెరాన్ కనుగొన్న మలేరియా పరాన్నజీవిని ఆయన అంగీకరించలేదు. 1897లో పక్కనే సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దానిని దోమ పొట్టలో చూశాడు. లారీ 1901 వరకు హైదరాబాదులో పనిచేశాడు.