తూకం నేర్పిన గురువు - లీబిగ్

1803లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో రంగులు, రసాయనాలు అమ్మే వ్యాపారి ఇంట పుట్టాడు యూస్టుస్ లీబిగ్. బడి చదువు అబ్బలేదు. మందుల షాపులో పెడితే నిలవలేదు. పారిస్‌లో గే-లుసాక్ దగ్గర పనిచేశాక గానీ దారి దొరకలేదు.

1824లో, ఇరవయ్యొకటో ఏట, గీసెన్‌లో ప్రొఫెసరయ్యాడు. ఆ రోజుల్లో చాలాచోట్ల విద్యార్థి వినేవాడే తప్ప చేసేవాడు కాదు. లీబిగ్ ప్రతివాడి చేతికీ పని ఇచ్చాడు: ముందు పదార్థంలో ఏముందో గుర్తించాలి, తర్వాత ఎంతుందో తూచాలి, ఆపైనే సొంత పరిశోధన.

1831లో ఐదు బుడ్ల గాజు గొట్టం తయారుచేశాడు. సేంద్రియ పదార్థాన్ని మండిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడును అందులోని పొటాష్ ద్రావణం పీల్చుకుంటుంది. గొట్టం ఎంత బరువెక్కిందో చూస్తే కార్బన్ లెక్క తేలుతుంది. మహామహులకే చేతనయ్యే విశ్లేషణ కుర్రాళ్ళ చేతికొచ్చింది! హాఫ్‌మన్, ఫ్రెజీనియస్, కెకూలే అక్కడ చదివినవారే.

ఆయనా పొరబడ్డాడు. 1826లో బలార్ ప్రకటించిన బ్రోమిన్ అంతకుముందే ఆయన సీసాలో ఉంది. సరిగా పరీక్షించకుండా అయోడిన్ క్లోరైడ్ అనుకున్నాడు. ఆ సీసాను పారేయక, తన తొందరపాటుకు గుర్తుగా దాచుకున్నాడట.

1852లో మ్యూనిక్ వెళ్ళి, 1873లో అక్కడే కన్నుమూశాడు. పక్కవాడి రికార్డు చూసి బ్యూరెట్ రీడింగు వేసుకోబోయే మిత్రులారా, ఆ సీసాను ఒక్కసారి తలచుకోండి!