వచన పితామహులు హళకట్టివారు

శ్రీ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టివారు 1880 జూలై 2వ తేదీన ధారవాడలో జన్మించిరి. బొంబాయిలో న్యాయశాస్త్రము నభ్యసించి, బిజాపురములో (నేటి విజయపురలో) వకీలుగా స్థిరపడిరి. 1910లో అచ్చట లింగాయత విద్యాసంస్థను నెలకొల్పిరి.

ఆ కాలమున శివశరణుల వచనములు మఠములలోను, గృహస్థుల పూజాగృహములలోను తాళపత్రముల కట్టలుగా నుండెను. వానికి విభూతి, పత్రి సమర్పించువారే గాని విప్పి చదువువారు అరుదు. పూజించుట దోషము కాదు. కాని చెదపురుగులకు భక్తి తెలియదు గదా! శరణుల వాక్కు అచ్చులో సామాన్యుని చేతికి రావలెనన్న ఒక్క సంకల్పము హళకట్టివారి నావరించెను. ఊరూర తిరిగి, మఠాధిపతులను, గృహస్థులను ప్రార్థించి ప్రతులు సేకరించిరి. పాఠములు పోల్చి చూచి స్వహస్తముతో వ్రాసికొనిరి. 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగము వెలువడెను.

అంతటితో తృప్తినొంది యుండిన, వారికి పేరు దక్కెడిదే, ఇల్లును మిగిలెడిది. కాని ముద్రింపవలసినది కొండంత మిగిలియుండెను. పరుల ముద్రణాలయముల దయపై అది సాగదని గ్రహించి, సొంత ఇల్లు విక్రయించి 1925లో హితచింతక ముద్రణాలయమును స్థాపించిరి. సంసారియైన వానికి ఇది సామాన్యమైన త్యాగము కాదు. మరుసటి యేడు శివానుభవ పత్రికను ప్రారంభించిరి. ఆ 1926లోనే బళ్లారి కన్నడ సాహిత్య సమ్మేళనమునకు అధ్యక్షులైరి.

అంతకు మునుపు లోకమునకు తెలిసిన వచనకారులు సుమారు 50 మంది. వారి కృషి వలన ఆ సంఖ్య 200 దాటెను. 1964 జూన్ 29వ తేదీన వారు లింగైక్యులైరి. 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సాహిత్యమును 15 సంపుటములుగా ప్రకటించెను.