మధుర రాణి మంగమ్మ

దక్షిణ మధుర రాజ్యమును 1689 నుండి సుమారు 1706 వరకు, పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథుని పక్షమున పాలించిన రాణి మంగమ్మ తెలుగు సేనాని తుపాకుల లింగమ నాయకుని పుత్రిక. భర్తయు గతించెను, కుమారుడు మశూచికి బలియయ్యెను. వానలు తరచు మొగము చాటువేయు సీమలో బాటసారికి నీడకన్నను నీరే ముఖ్యమని ఎరిగి, రహదారుల వెంట బావులు, కుంటలు త్రవ్వించెను. చెట్లు నాటించెను, సత్రములు నిలిపెను. ఆ బాటను తమిళులు నేటికిని మంగమ్మ సాలై అనియే పిలుతురు.

మైసూరు ప్రభువు చిక్కదేవరాయలు కావేరికి అడ్డుకట్ట వేసినపుడు, అంతకు కొలదికాలము ముందే తన సేనలు దాడి చేసిన తంజావూరుతోనే ఆమె చేయి కలిపి దండు సిద్ధపరచెను. విచిత్రమేమన, భారీ వర్షములకు ఆ కట్ట తెగి, యుద్ధమే అక్కరలేకపోయెను. మధుర రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరి సత్రము నేటికిని నిలిచియున్నది.