బూర్గుల రామకృష్ణారావు

హైదరాబాదు సంస్థానంలో కౌలురైతుకు భూమిపై భరోసా ఉండేది కాదు. దొర తలచుకుంటే సాగుచేస్తున్న పొలం చేజారేది. అట్టి రైతుకు చట్టపు అండ కల్పించిన పాలకులలో న్యాయవాది బూర్గుల రామకృష్ణారావు ముఖ్యులు.

ఆయన 1899 మార్చి 13న పాలమూరు ప్రాంతంలోని పడకల్లు గ్రామంలో జన్మించారు. స్వగ్రామమైన బూర్గుల పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. హైదరాబాదులో పాఠశాల విద్య ముగించి, పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొందారు. హైదరాబాదులో న్యాయవాద వృత్తి చేపట్టారు. తెలుగుతోపాటు సంస్కృతం, ఉర్దూ, పారశీకం, మరాఠీ, ఆంగ్ల భాషలలో ఆయనకు గల ప్రావీణ్యం ఆ బహుభాషా రాజ్యంలో వృత్తికి వన్నె తెచ్చింది.

అయినా ఆయన దృష్టి కక్షిదారులకే పరిమితం కాలేదు. 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో కారాగారవాసం అనుభవించారు. 1950లో భూమిశిస్తు వ్యవహారాలు చూసే రెవెన్యూ శాఖకు మంత్రి అయ్యారు. ఆ ఏడే అమలులోకి వచ్చిన కౌలుదారీ చట్టం కోటగిరి వంటి తెలంగాణ పల్లెలన్నింటికీ వర్తించింది. రక్షిత కౌలుదారును ఇష్టానుసారం తొలగించే వీలు లేకపోయింది.

1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1956లో ఆ రాష్ట్రం విభజింపబడగా పదవి వీడి, కేరళకు, అనంతరం ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేశారు. 1967లో పరమపదించారు. న్యాయస్థానంలో రాణించిన విద్యను రైతు పొలం వరకు తీసుకొనిపోవడమే ఆయన జీవితపు విశిష్టత.