కళ్లు తిప్పుకోని కురోసావా.. జపాన్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలంటే?

హైదరాబాద్, అఫ్జల్‌గంజ్: సాయంత్రం ఆరు దాటితే అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో నిలబడ్డానికి చోటు దొరకదు. బస్సు కోసం చూసేవాళ్లలో సగం మంది తలలు ఫోన్లలోనే ఉంటాయి. ఏ కాలేజీ కుర్రాడి స్క్రీన్ మీద చూసినా జపాన్ కత్తియుద్ధం ఒకటి నడుస్తూ ఉంటుంది. అయితే అది బొమ్మల సినిమా. అనిమే అంటే మనవాళ్లు ఇప్పుడు ఊగిపోతున్నారు.

మరి బొమ్మలు కాకుండా మనుషులే నటించిన జపాన్ సినిమాల సంగతేంటి? 2022 అక్టోబర్‌లో అక్కడ రిలీజైన 'ఆర్ఆర్ఆర్'ను జపాన్ ప్రేక్షకులు నెలల తరబడి ఆడించారు. మనం వాళ్ల సినిమాలు ఎన్ని చూశాం? చూద్దామని వెతికితే వంద పేర్ల లిస్ట్ వస్తుంది. ఏదో ఒకటి పెడితే బ్లాక్ అండ్ వైట్, పైగా మూడున్నర గంటలు. పది నిమిషాలకే ఆపేస్తాం.

ఆ లిస్టులు పక్కన పెట్టండి. ఒక్క మనిషి కథ తెలుసుకుంటే ఏ సినిమా ఎందుకు చూడాలో అదే తెలిసిపోతుంది. ఆయన పేరు అకిరా కురోసావా.

ఎనిమిదో సంతానం

1910 మార్చి 23న టోక్యోలో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. తండ్రిది సమురాయ్ వంశం. సైన్యానికి సంబంధించిన వ్యాయామ విద్యాసంస్థలో పనిచేసేవాడు. క్రమశిక్షణ విషయంలో మహా కఠినం. కానీ సినిమా చూస్తే పిల్లలు చెడిపోతారని ఊరంతా అనుకునే రోజుల్లో, తన పిల్లల్ని మాత్రం దగ్గరుండి సినిమాలకు తీసుకెళ్లేవాడు. అదీ చదువులో భాగమే అన్నది ఆయన నమ్మకం.

చిన్నప్పుడు అకిరా బడిలో వెనకబడ్డ పిల్లాడు. ఏడుపు కూడా ఎక్కువే. బొమ్మలు గీయమని ప్రోత్సహించిన ఒక మాస్టారు, నాలుగేళ్లు పెద్దవాడైన అన్న హీగో.. ఈ ఇద్దరే అతన్ని నిలబెట్టారు.

ఆ సెప్టెంబర్‌లో ఏం జరిగింది?

అఫ్జల్‌గంజ్ వాళ్లకు సెప్టెంబర్ అంటే 1908 గుర్తొస్తుంది. ఆ నెల 28న మూసీ ఉప్పొంగి వేలమందిని మింగేసింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

టోక్యోకూ అలాంటి సెప్టెంబర్ ఒకటుంది. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన కాంటో భూకంపం, దాని వెంటే లేచిన మంటలు లక్ష మందికి పైగా ప్రాణాలు తీశాయి. అప్పటికి కురోసావాకు 13 ఏళ్లు. మంటలు ఆరాక అన్న హీగో తమ్ముడి చెయ్యి పట్టుకుని శిథిలాల్లోకి తీసుకెళ్లాడు. ఎటు చూసినా శవాలే. పిల్లాడు కళ్లు మూసుకుంటే అన్న ఒప్పుకోలేదు. సరిగ్గా చూడమని గట్టిగా చెప్పాడు.

ఆ రాత్రి పీడకలలు వస్తాయని భయపడ్డాడు. కానీ హాయిగా నిద్రపట్టేసింది. ఎందుకిలా అని అన్నను అడిగితే తేలిన సంగతి ఇదీ: చూపు తిప్పుకుంటేనే భయం పెరుగుతుంది, ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తే భయపడ్డానికి ఏమీ మిగలదు. ఈ పాఠాన్ని కురోసావా జీవితాంతం మర్చిపోలేదు.

బావి మీద గీతలు.. ఓ ఫేక్ న్యూస్

అదే సమయంలో ఇంకో ఘోరం జరిగింది. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారంటూ పుకారు లేచింది. వాట్సాప్ లేదు, ఫార్వార్డ్‌లు లేవు. అయినా నోటి మాటతోనే ఊళ్లన్నీ చుట్టేసింది. అల్లరిమూకలు వేలమంది కొరియన్లను చంపేశాయి. గడ్డం పెంచుకున్న పాపానికి కురోసావా తండ్రిని కూడా పరాయివాడనుకుని ఒక గుంపు చుట్టుముట్టింది.

కురోసావా వాళ్ల వీధిలోనూ ఒక బావి నీళ్లు తాగొద్దని పెద్దలు హెచ్చరించారు. బావి గట్టు మీద సుద్దముక్కతో గీసిన వింత గుర్తులున్నాయట. అవి విషం కలిపినట్టు కొరియన్లు పెట్టుకున్న సంకేతాలట. తీరా చూస్తే ఆ గీతలు గీసింది ఎవరో కాదు, కురోసావాయే. ఆడుకుంటూ గీసిన పిచ్చి గీతలవి.

తను గీసిన గీతకు ఊరు కట్టిన కథను 13 ఏళ్ల వయసులో కళ్లారా చూసినవాడు, పెద్దయ్యాక 'రషోమాన్' తీశాడంటే ఆశ్చర్యమేముంది? ఆ సినిమా దగ్గరికి తర్వాత వద్దాం.

అన్న పోయాడు

హీగోది మూకీ సినిమాల్లో పని. తెర పక్కన నిలబడి కథ చెబుతూ, పాత్రలన్నింటికీ తనే గొంతిచ్చేవాడు. జపాన్‌లో వీళ్లను 'బెన్షీ' అంటారు. వీళ్లకు ఒక్కోసారి హీరోలను మించిన పేరుండేది. తమ్ముడు అన్న వెంట తిరుగుతూ లెక్కలేనన్ని విదేశీ సినిమాలు చూసేశాడు.

ఇంతలో టాకీ వచ్చింది. తెరే మాట్లాడుతుంటే పక్కన మనిషెందుకు? బెన్షీల ఉద్యోగాలు పోయాయి. సమ్మె చేశారు, దానికి ముందు నిలబడింది హీగోయే. సమ్మె ఓడిపోయింది. 1933లో హీగో ఆత్మహత్య చేసుకున్నాడు. కొత్త టెక్నాలజీ వచ్చి ఉన్న కొలువును ఊడ్చేయడం మనకిప్పుడు కొత్త వార్త కాదు. కురోసావా ఇంట్లో అది 90 ఏళ్ల కిందటే జరిగింది.

పేపర్లో ప్రకటన

అప్పటికి కురోసావా చిత్రకారుడు అవుదామనుకుని కడుపు నిండని స్థితిలో ఉన్నాడు. అసిస్టెంట్ డైరెక్టర్లు కావాలని ఒక స్టూడియో పేపర్లో ప్రకటన ఇచ్చింది. జపాన్ సినిమాల్లో మౌలికమైన లోపాలేంటో, వాటిని ఎలా సరిదిద్దాలో రాసి పంపమంది. లోపం మౌలికమైనదైతే ఇక సరిదిద్దేదేముంటుందని సగం వెక్కిరింతగా రాసి పంపాడు. ఉద్యోగం వచ్చేసింది! అది 1936. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున మనం రోజూ చూసే స్టేట్ సెంట్రల్ లైబ్రరీ భవనం వయసూ అంతే.

గురువు కజిరో యమమోతో దగ్గర పని నేర్చుకుని, 1943లో జూడో కథ 'సన్షిరో సుగాతా'తో డైరెక్టర్ అయ్యాడు. యుద్ధం ముగిశాక 1948లో 'డ్రంకెన్ ఏంజెల్' కోసం తొషిరో మిఫూనే అనే కొత్త కుర్రాడిని తీసుకున్నాడు. ఆ ఇద్దరి కాంబినేషన్‌లో మొత్తం 16 సినిమాలొచ్చాయి.

1949లో వచ్చిన 'స్ట్రే డాగ్' చూస్తే మన సిటీ వేసవి గుర్తొస్తుంది. ఎండ మండిపోతుంటుంది, కిక్కిరిసిన ప్రయాణం. దిగేసరికి కొత్త పోలీసు జేబులో పిస్టల్ ఉండదు. దాని కోసం యుద్ధంలో చితికిపోయిన టోక్యో సందులన్నీ తిరుగుతాడు. తన పిస్టల్‌తో ఎవరో ఎవరినో కాలుస్తుంటే ఆ నేరం తనదే అన్నట్టు కుమిలిపోతాడు.

ఒక్క హత్య.. నాలుగు కథలు

1950లో వచ్చింది 'రషోమాన్'. అడవిలో ఒక సమురాయ్ చనిపోతాడు. దొంగ ఒకలా, సమురాయ్ భార్య ఒకలా, చనిపోయినవాడి ఆత్మ ఇంకోలా, చాటునుంచి చూసిన కట్టెలు కొట్టేవాడు మరోలా చెబుతారు. ఎవరికి వాళ్లు తమను కాపాడుకునే కథే చెబుతారు. నిజం ఏంటన్నది డైరెక్టర్ తేల్చడు. ఆ పని మనకే వదిలేశాడు.

మరుసటి ఏడాది ఈ సినిమా వెనిస్ ఫెస్టివల్‌కు వెళ్లింది. ఆ సంగతే కురోసావాకు తెలియదు. తర్వాత తీసిన 'ఇడియట్' దెబ్బతిని, చేతిలో సినిమా పోయి, చేపలు పట్టడానికెళ్లి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు. 'రషోమాన్'కు గోల్డెన్ లయన్ వచ్చిందని గుమ్మంలోనే భార్య చెప్పింది. జపాన్ సినిమా వైపు ప్రపంచం తలతిప్పింది ఆ రోజే.

మనవైపూ ఆ గాలి వీచింది. తెలుగు సినిమా అప్పుడు మద్రాసులోనే ఉండేది. అక్కడే ఏవీఎం సంస్థ నిర్మాణంలో వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ 'రషోమాన్' స్ఫూర్తితో 1954లో 'అంద నాళ్' అనే తమిళ సినిమా తీశాడు. శివాజీ గణేశన్ హీరో, ఒక్క పాట కూడా లేదు! ఒకే గొడవను ఇద్దరు రెండు రకాలుగా చెప్పే కమల్ హాసన్ 'పోతురాజు' చూసినవాళ్లకు ఈ పద్ధతి పరిచయమే.

ఫైల్ కదలని ఆఫీసు

1952లో తీసిన 'ఇకిరు' పేరుకు అర్థం బతకడం. 30 ఏళ్లుగా మున్సిపల్ ఆఫీసులో స్టాంపులు గుద్దుతున్న ఒక అధికారికి కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. మురికి గుంటను పూడ్చి పిల్లలకు పార్కు కట్టమని కొందరు తల్లులు ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. ఈ సెక్షన్ ఆ సెక్షన్‌కి, ఆ సెక్షన్ ఇంకో సెక్షన్‌కి పంపిస్తుంటుంది. చావు ముందు ఆ పెద్దమనిషి ఆ ఫైల్ చేతిలోకి తీసుకుంటాడు.

సర్కారు కొలువు కోసం స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కసారి ఈ సినిమా చూడండి. ఉద్యోగం తెచ్చుకోవడం ఎలాగో ఇందులో ఉండదు. వచ్చాక ఏం చేయాలో ఉంటుంది.

ఏడుగురు వీరులు

1954లో 'సెవెన్ సమురాయ్'. పంట దోచుకెళ్లే బందిపోట్ల నుంచి తమను కాపాడమని పేద రైతులు ఏడుగురు సమురాయ్‌లను పిలుచుకొస్తారు. ఇవ్వగలిగింది పూటకింత వరి అన్నమే. బడ్జెట్ దాటిపోయి స్టూడియో షూటింగ్ ఆపేస్తే కురోసావా మళ్లీ చేపలు పట్టడానికి పోయాడు. ఇంత డబ్బు పెట్టాక ఎవరూ వదిలేయరని ఆయన ధీమా. అదే నిజమైంది. ఆఖరి వాన యుద్ధాన్ని ఒకేసారి పలు కెమెరాలతో, గడ్డకట్టే చలిలో తీశాడు. హాలీవుడ్ 'మాగ్నిఫిసెంట్ సెవెన్' దీని రీమేకే. మన 'షోలే' మీదా దీని నీడ ఉంది. నిడివి 207 నిమిషాలు. భయపడకండి, మధ్యలో ఇంటర్వెల్ ఉంది.

ఆయన అందరికీ మంచివాడేం కాదు. సెట్‌లో మాట వినిపించుకోడని వెనకాల 'చక్రవర్తి' అని పిలిచేవాళ్లు. 1957 నాటి 'థ్రోన్ ఆఫ్ బ్లడ్'లో మిఫూనే చుట్టూ నిజమైన బాణాలే వేయించాడు. ఆ ముఖంలో భయం కూడా నిజమైనదే!

పడిపోయి.. లేచి

1965లో 'రెడ్ బియర్డ్' తర్వాత మిఫూనేతో స్నేహం తెగింది. 1968లో హాలీవుడ్ సినిమా 'టోరా టోరా టోరా' నుంచి తీసేశారు. 1970లో మొదటి రంగుల సినిమా 'డొడెస్కాడెన్' ఫ్లాప్. డబ్బు పెట్టేవాళ్లు లేరు. 1971 డిసెంబర్‌లో, 61 ఏళ్ల వయసులో ఆయన కూడా ప్రాణం తీసుకోబోయాడు. బతికి బయటపడ్డాడు. (మనసు అలాంటి స్థితిలో ఉంటే దాచుకోకండి. టెలి మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.)

సొంత దేశంలో తలుపులు మూసుకుంటే సోవియట్ యూనియన్ పిలిచింది. సైబీరియా అడవుల్లో ఒక వేటగాడి కథ 'డెర్సు ఉజాలా' తీశాడు. 1975లో వచ్చిన ఆ సినిమాకు ఆస్కార్ దక్కింది. 1977లో ఇండియాకు వచ్చి సత్యజిత్ రాయ్, ఇటలీ డైరెక్టర్ ఆంటోనియోనీతో కలిసి తాజ్‌మహల్ దగ్గర దిగిన ఫొటో సినిమావాళ్లలో ఇప్పటికీ ఫేమస్.

ఆ తర్వాతా డబ్బు దొరకలేదు. ఖాళీగా కూర్చోకుండా తీయబోయే సీన్లన్నీ రంగుల్లో గీసుకున్నాడు. చిన్నప్పటి బొమ్మల పిచ్చి అలా అక్కరకొచ్చింది. ఆయన్ను గురువుగా భావించే జార్జ్ లూకాస్, కొప్పోలా హాలీవుడ్ కంపెనీని ఒప్పిస్తే 1980లో 'కగేముషా' పూర్తయి, కాన్స్‌లో పామ్ డి ఓర్ పంచుకుంది. 1985లో 'రాన్' వచ్చింది. రాజ్యం ముగ్గురు కొడుకులకు పంచి రోడ్డున పడ్డ తండ్రి కథ. అది తీస్తుండగానే భార్య చనిపోయింది. ఒక్క రోజు షూటింగ్ ఆపి, మర్నాడు మళ్లీ కెమెరా వెనక్కి వచ్చాడు. అప్పటికి చూపు కూడా మందగించింది.

1998 సెప్టెంబర్ 6న, 88వ ఏట టోక్యోలో కన్నుమూశాడు. మొత్తం 30 సినిమాలు. భూకంపం వచ్చిన సెప్టెంబర్ నెలలోనే.

మరి ఏ వరుసలో చూడాలి?

మొదట 1963 నాటి 'హై అండ్ లో'. కిడ్నాపర్ పొరపాటున చెప్పుల కంపెనీ ఉన్నతాధికారి కొడుకు బదులు డ్రైవర్ కొడుకును ఎత్తుకెళ్తాడు. పరాయి పిల్లాడి కోసం ఆస్తంతా ఇవ్వాలా? సస్పెన్స్ ఇష్టపడేవాళ్లు ఇక్కడ మొదలుపెడితే ఆగలేరు. రెండోది 'రషోమాన్', గంటన్నర కూడా ఉండదు. తర్వాత 'ఇకిరు'. 'సెవెన్ సమురాయ్'ని ఇంటర్వెల్ దగ్గర ఆపి రెండు రాత్రులు చూడండి. 'రాన్' మాత్రం ఫోన్‌లో వద్దు, టీవీకి కనెక్ట్ చేయండి. ఆ రంగులు చిన్న స్క్రీన్‌లో ఇమడవు.

ఈ ఐదూ అయ్యాక మిగతా జపాన్ డైరెక్టర్ల దారి తెరుచుకుంటుంది. సిటీలో పిల్లల దగ్గరికొచ్చిన ముసలి తల్లిదండ్రుల కథ ఓజు 'టోక్యో స్టోరీ' (1953), కోబయాషి 'హరాకిరి' (1962), కొరేఎడా 'షాప్‌లిఫ్టర్స్' (2018) ఇలా వెళ్లిపోవచ్చు.

నచ్చకపోతే వేలితో పైకి తోసేయడం మనకు అలవాటైపోయింది. తోసేయకుండా చివరి దాకా చూడమనే అన్న హీగో తమ్ముడికి చెప్పింది. ఇవాళ బస్సు లేటైతే 'హై అండ్ లో' మొదలుపెట్టండి. ఇంటికెళ్లాక మిగతాది చూడకుండా పడుకోలేరు.