గోదావరి ఒడ్డు డాక్టర్ సుబ్బారావు



రెండు రోజులు ముసురు పట్టిందంటే మా క్లాసుల్లో సగం బెంచీలు దగ్గుతుంటాయి. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చే నాన్న దారిలో మెడికల్ షాపు దగ్గర బండి ఆపి, పోయినసారి ఇచ్చిన గోళీలే మళ్లీ రెండు పూటలకు పట్టుకెళ్తారు. ఇంట్లో నానమ్మ అవి వద్దంటూ మిరియాలు, పసుపు, తులసి వేసి కషాయం కాస్తుంది. ఈ పంచాయితీ మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది. ఈ రెండు దారులనూ దగ్గరగా చూసిన తెలుగు మనిషి ఒకరున్నారు. ఆయన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు.

మన రామగుండం పక్కనుంచి పోయే గోదావరే కిందికి వెళ్లి రాజమండ్రిని తాకుతుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు ఆ రాజమండ్రిలో పెరిగారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. (మా రిజల్ట్స్ ఫ్లెక్సీల మీద ఆయన ఫొటో వచ్చే అవకాశమే లేదు!) మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది గిట్టలేదు. చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్.

ఆ వయసులోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అని ఒక పేగుల జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో దానితోనే పోయారు. తర్వాత అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. అప్పుడు ఆయనకు వైద్యం చేసి నయం చేసింది ఆచంట లక్ష్మీపతి గారు. ఇంగ్లీషు వైద్యం చదివి కూడా ఆయుర్వేదం వైపు వచ్చిన డాక్టరు ఆయన. కోలుకున్న సుబ్బారావు మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. ఆ మూలికా మందులను ఆధునిక పద్ధతిలో పరీక్షించి నిలబెట్టాలన్న పట్టుదల అక్కడ మొదలైంది.

పట్టుదల ఉన్నా దానికి కావాల్సిన ల్యాబు లేదు. మామగారి సాయంతో, కాకినాడలోని ఒక ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో అమెరికా బయల్దేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. బోస్టన్‌లో ఖర్చులకు ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ, హార్వర్డ్‌లో చదివి పరిశోధనలోకి వెళ్లారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చారు. ఒంట్లో శక్తినిచ్చే ఏటీపీని గుర్తించినవారిలో వీళ్లిద్దరూ ఉన్నారు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. తర్వాత అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు.

అక్కడి ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసిన పని మీ ఇంటి దాకా వచ్చింది. అమ్మలు గర్భిణిగా ఉన్నప్పుడు వేసుకున్న ఫోలిక్ ఆసిడ్ అందులో ఒకటి. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ గోళీ మరొకటి. అప్పటికే డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను మట్టి నమూనాల వేటలో పెట్టారు. తొలకరి వానకు లేచే మట్టి వాసన ఉంది చూడండి, అది చాలావరకు స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవుల పుణ్యమే. మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో దొరికిన బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది.

స్ప్రూకు ఇప్పటికీ డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ ఆసిడ్, దాంతో పాటు టెట్రాసైక్లిన్. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులూ ఆయన ల్యాబు నుంచే వచ్చాయన్నమాట. ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన 1948 వేసవిలోనే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. శేషగిరి గారి దగ్గరికి తిరిగి రానేలేదు.

ఆ మందు ముందు బ్యాక్టీరియా ఎక్కువ కాలం తలవంచలేదు. బొగ్గు బాయిలో నీళ్లు ఊరితే పంపులు పెట్టి పైకి తోడేస్తారు కదా! చాలా బ్యాక్టీరియా టెట్రాసైక్లిన్‌ను అచ్చం అలాగే తోడేస్తుంది. దాని పొరలో పంపుల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. మందు లోపలికి వచ్చీరాగానే బయటికి పోతుంది. అవసరం లేకుండా వాడిన ప్రతిసారీ పంపులున్నవి మిగులుతాయి, లేనివి చస్తాయి.

మరి నానమ్మ కషాయం మాటేమిటి? ఇక్కడే సుబ్బారావు మద్రాసులో వదిలి వెళ్లిన పని మళ్లీ ఎదురవుతుంది. మన మానుపసుపు జాతి మొక్కల్లో బెర్బెరిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. చీముకు కారణమయ్యే స్టాఫిలోకాకస్ దాన్ని కూడా తోడి పారేస్తుంది. అయితే ఆ జాతి మొక్కల్లోనే ఇంకో పదార్థం ఉందని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. దానికి సొంతంగా చంపే శక్తి లేదు, పంపును మూసేస్తుందంతే. పంపు ఆగితే బెర్బెరిన్ పనిచేస్తుంది, కొన్ని యాంటీబయోటిక్‌లకూ బలం వస్తుంది. మాకైతే ఇది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

కానీ అది ల్యాబులోని మాట. గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను ఆపిన మొక్కలు ఎన్నో ఉన్నాయి, రక్తంలోకి చేరి అదే పని చేసేవి చాలా అరుదు. పసుపులోని కర్క్యుమిన్‌నే తీసుకోండి, తిన్నదానిలో ఒంటికి పట్టేది చాలా తక్కువ. అందుకే మూలికను మందుగా నిలబెట్టాలంటే మోతాదు, విషగుణం, మనుషుల మీద పరీక్ష అన్నీ దాటాలి. చైనాలో తూ యూయూ పాత వైద్య గ్రంథం చూసి ఒక మొక్క నుంచి మలేరియా మందు తీసి, అలా నిలబెట్టి, 2015లో నోబెల్ అందుకున్నారు.

జలుబు, గొంతు గరగరకు కషాయం, అల్లం టీ పెద్ద పిల్లలకు ఇస్తే హాయిగా ఉంటుంది. జలుబు చాలావరకు వైరస్ వల్ల వస్తుంది కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని తాకను కూడా తాకదు. అయితే జ్వరం మూడు రోజులు దాటినా, పిల్లలు వేగంగా ఊపిరి తీస్తున్నా, నీళ్లు తాగలేకపోతున్నా కషాయంతో ఆగకుండా వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. డాక్టరు యాంటీబయోటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు వేయండి. అక్కకు రాసినవి తమ్ముడికి వేయకండి. టెట్రాసైక్లిన్‌లైతే ఎనిమిదేళ్లలోపు పిల్లల పళ్ల రంగునే మార్చేస్తాయి.

ఇప్పుడు మీ ఇంటి మందుల డబ్బా తీసి చూడండి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే, అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు.