స్త్రీ విద్యకు చరిత్రను సాక్ష్యంగా నిలిపిన అచ్చమాంబ

తుని: తెలుగునాట మహిళల కోసం వెలువడిన తొలి పత్రికలతో గోదావరి సీమకు విడదీయరాని అనుబంధముంది. 1883లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ‘సతీహిత బోధిని’ని ప్రారంభించారు. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరు నుంచి ‘హిందూ సుందరి’ని వెలువరించారు. అనంతరం, నేడు తునికి జిల్లా కేంద్రమైన కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ సంపాదకత్వాన ‘సావిత్రి’ వచ్చింది. గృహనిర్వహణ, శిశుపోషణ, పాతివ్రత్యం, వీటికి తోడు కొంత చదువు. ఆనాటి పత్రికలు స్త్రీకి నిర్దేశించిన ఆదర్శమిదే. ఆ పరిధిలోనే ఉంటూ, చదువుకు అగ్రస్థానం కల్పించిన రచయిత్రి భండారు అచ్చమాంబ.

ఆమె 1874లో నందిగామ సమీపంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె సోదరుడు. చిన్ననాడే తండ్రిని కోల్పోయిన అచ్చమాంబకు పదేళ్ల ప్రాయంలో వివాహమైంది. బడికి వెళ్లే భాగ్యం కలగలేదు. భర్త మాధవరావు ఉద్యోగరీత్యా మధ్య పరగణాలలో నివసించారు. తమ వద్ద ఉండి చదువుకుంటున్న తమ్ముడి సాయంతో ఆమె తెలుగు, హిందీ అభ్యసించారు. తరువాత మరాఠీ తదితర భాషలనూ నేర్చారు. కన్నబిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలోనూ పఠనాన్ని విడువలేదు.

స్త్రీలు అబలలని, బుద్ధిహీనులని, చదివిస్తే చెడిపోతారని నాడు బలంగా వినిపించిన వాదనలను ఖండించేందుకు ఆమె చరిత్రను ఆశ్రయించారు. విదుషీమణుల, వీరవనితల జీవితాలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించారు. దాని తొలి భాగం 1901లో వెలువడింది.

‘హిందూ సుందరి’లో ప్రచురితమైన ఆమె కథలలో ఆనాటి ఆదర్శాల మధ్య ఘర్షణ కనిపిస్తుంది. ‘దంపతుల ప్రథమ కలహము’లో భర్తతో సర్దుకుపోవాలనే హితవు ఉంది. ‘ధనత్రయోదశి’లోనైతే పేదరికంలో దారి తప్పబోయిన భర్తను భార్యయే సన్మార్గాన నిలుపుతుంది. అనుకూలవతియైన ఇల్లాలే అక్కడ ధర్మాధర్మాల నిర్ణేత అయింది.

1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. 1905 జనవరి 18న, ముప్పై ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ను తొలి తెలుగు కథగా చాలాకాలం పరిగణించారు. అంతకుముందే వచ్చిన అచ్చమాంబ కథలకు ఆ గౌరవం దక్కాలని తరువాతి పరిశోధకులు పలువురు వాదించారు.